నెలనెలా పొదుపు: ఏ ఖాతా ఎవరికి, ఏ షరతు మీద? (పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొదుపు ఖాతాల గురించినవే. దాదాపు అందరూ "ఎక్కడ వడ్డీ ఎక్కువ?" అనే అడిగారు. ఆ ప్రశ్న సహజమైనదే అయినా, ఆ వడ్డీకి మనం అర్హులమా కాదా, షరతు తప్పితే అందులో ఎంత కోత పడుతుంది అన్న రెండు సంగతులు ముందుగా తేల్చుకోకపోతే వడ్డీ శాతం ఒక్కటీ చూసి తీసుకున్న నిర్ణయం తరువాత బాధ పెడుతుంది. ఒకే రకంగా ఉన్న ఉత్తరాలను కలిపి ఐదు ప్రశ్నలుగా ఇక్కడ ఇస్తున్నాను. పేర్కొన్న వడ్డీ రేట్లు నేను ఇది రాస్తున్న నాటివి. చిన్న మొత్తాల పొదుపు పథకాల రేట్లను కేంద్ర ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి ఖాతా తెరిచే రోజున మరొకసారి అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: బ్యాంకులో నెలకు రూ. 1,000 చొప్పున ఏడాదిపాటు ఆర్‌డీ (నెలనెలా వాయిదాగా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టాను. వడ్డీ 6.5 శాతం అన్నారు. రూ. 12,000 మీద రూ. 780 వస్తుందని లెక్క వేసుకుంటే చేతికి వచ్చిన వడ్డీ రూ. 429 మాత్రమే. నన్ను మోసం చేశారా? ఇకమీదట పోస్టాఫీసులో కట్టమని మా ఆడపడుచు చెబుతోంది. ఏది మేలు?
– ఒక గృహిణి, గుంటూరు జిల్లా

సమాధానం: మోసం ఏమీ జరగలేదమ్మా. మీకు వచ్చిన రూ. 429 సరైన లెక్కే. మీరు కట్టిన మొదటి వెయ్యి బ్యాంకులో పన్నెండు నెలలు ఉంది. రెండో వెయ్యి పదకొండు నెలలే ఉంది. చివరి వెయ్యి ఒక్క నెల మాత్రమే ఉంది. పన్నెండు వాయిదాలనూ కలిపి చూస్తే ఒక్కొక్క రూపాయి సగటున ఆరున్నర నెలలు బ్యాంకులో ఉన్నట్టు. 6.5 శాతం అన్నది ఏడాది పొడవునా ఉన్న సొమ్ముకు ఇచ్చే వడ్డీ. ఆరున్నర నెలలు ఉన్న సొమ్ముకు అందులో సగానికి కాస్త ఎక్కువ వస్తుంది. మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపే పద్ధతిలో లెక్క కడితే సరిగ్గా మీకు ఇచ్చిన మొత్తమే తేలుతుంది. అదే రూ. 12,000 మొదటి రోజునే మీ చేతిలో ఉండి, అదే రేటుకు ఏడాది ఎఫ్‌డీ (ఒకేసారి వేసి గడువుదాకా ఉంచే ఫిక్స్‌డ్ డిపాజిట్) వేసి ఉంటే సుమారు రూ. 799 వచ్చేది.

ఈ తేడా నుంచి మీకు పనికివచ్చే సంగతి ఒకటుంది. చేతిలో ఇప్పటికే ఉన్న డబ్బును పొదుపు ఖాతాలో ఉంచి, అందులోంచి నెలనెలా ఆర్‌డీకి మళ్లించడం వల్ల నష్టమే. దాన్ని ఒకేసారి ఎఫ్‌డీ చేసుకోవాలి. నెలనెలా వచ్చే జీతం నుంచో, పాల డబ్బుల నుంచో, కుట్టుపని కూలి నుంచో మిగిల్చేవారికే ఆర్‌డీ సరైనది. ఆ డబ్బును ఆర్‌డీలో వేయకుండా పొదుపు ఖాతాలోనే వదిలేస్తే ఎంత తక్కువ వస్తుందో కూడా చూడండి: భారతీయ స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి పొదుపు ఖాతాకు ఇస్తున్నది ఏడాదికి 2.5 శాతమే. కాబట్టి రూ. 429 చూసి ఆర్‌డీ మీద విరక్తి పెంచుకోవద్దు.

ఇక పోస్టాఫీసు సంగతి. అక్కడి ఆర్‌డీకి ఒకటే కాలపరిమితి, ఐదేళ్లు. నెలకు కనీసం రూ. 100, ఆపైన పది రూపాయల గుణిజాల్లో ఎంతైనా కట్టవచ్చు. 2023 అక్టోబరు నుంచి వడ్డీ 6.7 శాతం. మీరు ఖాతా తెరిచిన నాటి రేటే ఐదేళ్లూ వర్తిస్తుంది. నెలకు రూ. 1,000 చొప్పున కడితే, మొత్తం రూ. 60,000 అసలుకు గడువు తీరాక సుమారు రూ. 71,366 చేతికి వస్తుంది. దేశంలో నివసించే వయోజనులెవరైనా ఈ ఖాతా తెరవవచ్చు, ముగ్గురు వరకు కలిసి ఉమ్మడిగానూ తెరవవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరుతోనే తెరవవచ్చు.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే పోస్టాఫీసు ఆర్‌డీని ఎంచుకునేవారు షరతులను తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే మన కుటుంబాల్లో నష్టం జరిగేది అక్కడే. నెల 15వ తేదీలోపు ఖాతా తెరిస్తే ప్రతి వాయిదా 15వ తేదీలోపు కట్టాలి. ఆ తరువాత తెరిస్తే నెలలో చివరి పనిదినం వరకు వ్యవధి ఉంటుంది. జీతం పదో తేదీ దాటాక వచ్చే ఇళ్లవారు నెల రెండో సగంలో ఖాతా తెరవడం మంచిది. ఈ చిన్న జాగ్రత్త ఐదేళ్లపాటు అక్కరకు వస్తుంది. వాయిదా తప్పితే ప్రతి వంద రూపాయలకు నెలకు ఒక రూపాయి అపరాధ రుసుము పడుతుంది, అంటే మీ వెయ్యికి పది రూపాయలు. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. ఆ నాలుగో తప్పు జరిగిన నాటి నుంచి రెండు నెలల్లోగా బకాయి కట్టి పునరుద్ధరించుకోకపోతే ఆపై వాయిదాలు కట్టే వీలుండదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మధ్యలో మూసివేయడం వల్ల తగులుతుంది. మూడేళ్లు నిండేదాకా మూయడానికే వీలులేదు. మూడేళ్ల తరువాత మూసినా, చివరికి గడువుకు ఒక్కరోజు ముందు మూసినా, 6.7 శాతం కాక పోస్టాఫీసు పొదుపు ఖాతాకు ఇచ్చే 4 శాతమే లెక్క కడతారు. నెలకు వెయ్యి చొప్పున అరవై వాయిదాలూ కట్టిన మనిషి తొందరపడి గడువుకు కొద్ది రోజుల ముందు మూసేస్తే, రూ. 11,366 రావలసిన వడ్డీ దాదాపు ఆరు వేల పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. పెళ్లి ఖర్చుకో ఆసుపత్రి ఖర్చుకో డబ్బు అత్యవసరమైనప్పుడు ఖాతా మూయకుండానే దారి ఉంది: పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది నిండిన తరువాత, ఖాతాలో ఉన్న మొత్తంలో సగం వరకు రుణం తీసుకోవచ్చు. దానికి ఆర్‌డీ వడ్డీ కంటే రెండు శాతం ఎక్కువ వడ్డీ పడుతుంది. గడువు దగ్గర పడినవారికి మూసివేత కంటే ఈ రుణమే చాలా సందర్భాల్లో చవక.

బ్యాంకు ఆర్‌డీలో ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. ఉదాహరణకు స్టేట్ బ్యాంకులో ఏడాది నుంచి పదేళ్ల వరకు మీకు కావలసిన గడువు పెట్టుకోవచ్చు, నెలకు రూ. 100 నుంచి మొదలుపెట్టవచ్చు. మధ్యలో మూస్తే సాధారణంగా డబ్బు నిజంగా ఉన్న కాలానికి వర్తించే రేటు నుంచి కొంత తగ్గించి ఇస్తారు. ఆ కొంత ఎంతో బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి ఖాతా తెరిచే ముందే అడగాలి. బ్యాంకులు వయోవృద్ధులకు సాధారణంగా అర శాతం అదనంగా ఇస్తాయి. పోస్టాఫీసు ఆర్‌డీలో ఆ అదనం ఎవరికీ లేదు.

మీ విషయంలో నా అభిప్రాయం ఇది: ఐదేళ్ల దాకా ముట్టుకోనవసరం లేదని గట్టిగా చెప్పగలిగినంత మొత్తమే పోస్టాఫీసులో కట్టండి. మిగిలినది బ్యాంకులో ఏడాది, రెండేళ్ల ఆర్‌డీలుగా ఉంచండి. మీ ఆడపడుచు చెప్పింది తప్పు కాదు, కానీ వెయ్యికి వెయ్యీ అక్కడే కట్టవలసిన పని లేదు. అన్నట్టు, పంట డబ్బులాగా ఒక్కసారిగా సొమ్ము చేతికి వచ్చేవారు పోస్టాఫీసు ఆర్‌డీలో ఆరు లేదా పన్నెండు వాయిదాలు ముందుగానే కట్టేయవచ్చు. అందుకు ప్రతి వంద రూపాయల వాయిదాకు ఆరు నెలలకైతే రూ. 10, పన్నెండు నెలలకైతే రూ. 40 రాయితీ ఇస్తారు. ఈ రాయితీ సంగతి చాలామందికి తెలియదు, అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తూ తెరిచిన జీతం ఖాతా ఉంది. ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలయింది. ఖాతాలో కనీస నిల్వ లేదని డబ్బు కోస్తున్నారు. జీతం ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదని తెరిచేటప్పుడు చెప్పారు. ఇది న్యాయమేనా?
– ఒక యువకుడు, వరంగల్

సమాధానం: జీతం ఖాతాకు కనీస నిల్వ మినహాయింపు వచ్చేది, ప్రతి నెలా అందులో జీతం పడుతోందన్న కారణం మీదే. కొన్ని నెలలపాటు వరుసగా జీతం రాకపోతే బ్యాంకు దాన్ని మామూలు పొదుపు ఖాతాగా మార్చుతుంది. ఆ రోజు నుంచి మామూలు ఖాతాల నియమాలు వర్తిస్తాయి. ఈ షరతు మీరు సంతకం చేసిన దరఖాస్తులో ఉండి ఉంటుంది, కానీ ఉద్యోగం మానే రోజున ఎవరికీ అది గుర్తుండదు. అందుకే ఉద్యోగం మారేవారందరికీ నేను చెప్పేదొక్కటే: చివరి జీతం పడిన నెలలోనే ఆ ఖాతా ఉంచాలో, మార్చాలో, మూయాలో నిర్ణయించుకోండి.

అయితే కోత విధించడానికి బ్యాంకులకు కూడా హద్దులున్నాయి. కనీస నిల్వ తగ్గినప్పుడు, ఫలానా లోపు సరిచేయకపోతే రుసుము పడుతుందని ఖాతాదారుకు సందేశం ద్వారానో ఉత్తరం ద్వారానో తెలియజేసి, నెలకు తగ్గకుండా వ్యవధి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. రుసుము తక్కువైన మొత్తానికి తగిన నిష్పత్తిలో ఉండాలి. కేవలం ఈ రుసుముల వల్ల ఖాతా నిల్వ సున్నా కంటే దిగువకు పోకూడదు. ఈ నియమాలు 2015 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. మీకు ముందుగా ఏ సమాచారమూ రాకపోతే, ముందు శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రశీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఇకముందు కోత పడకుండా ఉండాలంటే మీకు రెండు దారులున్నాయి. మొదటిది, కనీస నిల్వ అడగని బ్యాంకుకు మారడం. స్టేట్ బ్యాంకు 2020లోనే, కెనరా బ్యాంకు 2025 జూన్‌లో పొదుపు ఖాతాలకు ఈ రుసుమును ఎత్తివేశాయి. రెండోది, ప్రస్తుత బ్యాంకులోనే ప్రాథమిక పొదుపు ఖాతా అడగడం. 2012లో రిజర్వు బ్యాంకు ఈ ఖాతాను అన్ని బ్యాంకులకూ తప్పనిసరి చేసింది. దీనికి ఆదాయ పరిమితి లేదు, వృత్తి షరతు లేదు, పేదవారికి మాత్రమే అన్న నియమమూ లేదు. కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగు సార్లు రుసుము లేకుండా డబ్బు తీసుకోవచ్చు, జమలకు పరిమితి లేదు. ఒకే ఒక్క షరతు: అదే బ్యాంకులో మీ పేరుతో మరొక పొదుపు ఖాతా ఉండకూడదు, ఉంటే ముప్పై రోజుల్లో మూసేయాలి. ఆర్‌డీలు, ఎఫ్‌డీలు మాత్రం అదే బ్యాంకులో ఉంచుకోవచ్చు.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించాలి. పూర్తి గుర్తింపు పత్రాలు లేనివారికి ఇచ్చే "చిన్న ఖాతా" వేరు. దానిలో నిల్వ రూ. 50,000 దాటకూడదు, ఏడాదిలో మొత్తం జమలు రూ. 1 లక్ష దాటకూడదు, నెలలో తీసుకునేది రూ. 10,000 మించకూడదు. ఈ పరిమితులను ప్రాథమిక ఖాతాకు కూడా ఉన్నట్టు కొన్ని చోట్ల కౌంటర్లో చెబుతున్నారని పాఠకులు రాస్తున్నారు. ఆధార్ వంటి గుర్తింపు పత్రంతో పూర్తి వివరాలు ఇచ్చి తెరిచిన ప్రాథమిక ఖాతాకు అవి వర్తించవు.

ప్రశ్న: మా మనవరాలికి ఎనిమిదేళ్లు, మనవడికి పన్నెండేళ్లు. నా పింఛను నుంచి నెలకు కొంత వారి పేరు మీద వేయాలని ఉంది. మనవరాలికి సుకన్య సమృద్ధి ఖాతా నేనే తెరవవచ్చా? పిల్లవాడికి ఏ ఖాతా మంచిది?
– ఒక నాయనమ్మ, కాకినాడ

సమాధానం: మీ ఆలోచన ఎంతో మంచిదమ్మా. సుకన్య సమృద్ధి ఆడపిల్లల కోసం ఉన్న ప్రభుత్వ పొదుపు పథకం; అమ్మాయికి పదేళ్లు నిండలేదు కాబట్టి దానికి అర్హత ఉంది. అయితే ఖాతా మీరు తెరవకూడదు. తల్లిదండ్రులు గానీ, చట్టబద్ధమైన సంరక్షకులు గానీ మాత్రమే తెరవాలి. తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు చట్టబద్ధ సంరక్షకులు కాకుండా తెరిచిన ఖాతాలను తల్లిదండ్రుల పేరుకు మార్చాలని 2024 అక్టోబరు నుంచి స్పష్టమైన నియమం ఉంది. మీ అబ్బాయి లేదా కోడలు ఖాతా తెరిస్తే, సొమ్ము మీరు ఇవ్వవచ్చు. మీ ఆశయానికి అడ్డు లేదు. ఏడాదికి కనీసం రూ. 250, గరిష్ఠంగా రూ. 1.5 లక్షలు కట్టవచ్చు. వడ్డీ 8.2 శాతం. పదిహేనేళ్లు కడితే చాలు, ఖాతా తెరిచిన నాటి నుంచి ఇరవై ఒక్క ఏళ్లు నిండాక గడువు తీరుతుంది. చదువు కోసం పద్దెనిమిదేళ్లు నిండాక గానీ పదో తరగతి పాసయ్యాక గానీ సగం వరకు తీసుకోవచ్చు. ఒక కుటుంబంలో సాధారణంగా ఇద్దరు ఆడపిల్లలకే ఈ ఖాతా ఇస్తారు. అమ్మాయికి పదో పుట్టినరోజు వస్తే అవకాశం పోతుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు.

మనవడికి పన్నెండేళ్లు కాబట్టి అతడు పోస్టాఫీసులో తన పేరుతోనే ఆర్‌డీ తెరవవచ్చు. బ్యాంకుల్లోనూ పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. ఎంత మొత్తం వరకు అన్నది ఆయా బ్యాంకులు నిర్ణయిస్తాయి. పిల్లల ఖాతాల్లో ఓవర్‌డ్రాఫ్టు (నిల్వకు మించి తీసుకునే వీలు) ఉండదు, నిల్వ ఎప్పుడూ సున్నాకు పైనే ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండగానే కొత్త సంతకం నమూనా ఇవ్వాలి. నా మాట వింటే, ఆర్‌డీ వాయిదా కట్టడానికి ప్రతి నెలా పిల్లవాణ్ణి మీతో పోస్టాఫీసుకు తీసుకువెళ్లండి. పాస్‌బుక్కులో అంకె పెరగడం వాడే స్వయంగా చూడాలి.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. మా ఊళ్లో ఒక సహకార సంఘం బ్యాంకుల కంటే మూడు శాతం ఎక్కువ వడ్డీ ఇస్తానంటోంది. సభ్యత్వం తీసుకుంటే చాలట. పదవీ విరమణ సొమ్ము ఆరు లక్షలు ఉంది. వేయవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: వద్దండి. మీ జీవితకాలపు కష్టార్జితం కాబట్టి ఇంత సూటిగా చెబుతున్నాను. బ్యాంకుల్లోని డిపాజిట్లకు డిపాజిట్ బీమా సంస్థ హామీ ఉంటుంది: ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకు అసలు, వడ్డీ కలిపి రూ. 5 లక్షల వరకు. 2020 ఫిబ్రవరికి ముందు ఇది రూ. 1 లక్షే ఉండేది. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న సహకార బ్యాంకులకు కూడా ఈ బీమా వర్తిస్తుంది, కానీ సహకార సంఘాలకు వర్తించదు. బోర్డు మీద రాసిన పేరు చూసి బ్యాంకో సంఘమో తేల్చుకోలేం. లైసెన్సు ఉందా, డిపాజిట్ బీమా ఉందా అని రెండు ప్రశ్నలు అడిగితే సంగతి తేలిపోతుంది. సభ్యత్వం అన్న అర్హత మీకు ఇచ్చే హక్కుగా కనిపిస్తుంది కానీ, దాని అర్థం మీరు ఆ సంఘపు లాభనష్టాల్లో భాగస్వామి అవుతున్నారని.

మీ వయసుకు ప్రభుత్వమే మంచి మార్గం చూపించింది. అరవై నిండినవారికి ఉన్న సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికి వస్తుంది, కాలపరిమితి ఐదేళ్లు, పరిమితి రూ. 30 లక్షలు. ఆరు లక్షల్లో నాలుగైదు లక్షలు అందులో ఉంచి, మిగిలినది వెంటనే తీసుకునే వీలుగా బ్యాంకులో ఉంచుకోండి. ఆ వడ్డీలో ఖర్చు కానిది వయోవృద్ధులకు అదనపు వడ్డీ ఇచ్చే బ్యాంకు ఆర్‌డీలోకి నెలనెలా మళ్లించవచ్చు.

పన్ను విషయం కొద్దిగా. వయోవృద్ధులకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ రూ. 1 లక్ష దాటితేనే వడ్డీ ఇచ్చేటప్పుడు బ్యాంకు పన్ను (టీడీఎస్) కోస్తుంది; 60 లోపువారికి ఆ హద్దు రూ. 50,000. పాత పన్ను విధానం ఎంచుకున్న వయోవృద్ధులకు పొదుపు ఖాతా, ఆర్‌డీ, ఎఫ్‌డీ వడ్డీలన్నీ కలిపి రూ. 50,000 వరకు మినహాయింపు ఉంది. 60 లోపువారికి మాత్రం రూ. 10,000 మినహాయింపు పొదుపు ఖాతా వడ్డీకే, ఆర్‌డీ వడ్డీకి కాదు. కొత్త విధానంలో ఈ రెండూ లేవు.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మీద అమెరికా వెళ్లాడు. ఇక్కడి పొదుపు ఖాతా అలాగే ఉంచవచ్చా? అతని పేరుతో పోస్టాఫీసులో కొత్తగా ఆర్‌డీ తెరవాలనుకుంటున్నాం.
– ఒక తండ్రి, కరీంనగర్

సమాధానం: అలాగే ఉంచకూడదు. ప్రవాస భారతీయుడైన తరువాత స్థానిక పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం ఉంచుకునే ఖాతాగా) మార్పించుకోవాలి. విదేశంలో సంపాదించిన డబ్బు పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరుగా తెరవవచ్చు. పోస్టాఫీసులో అతని పేరుతో కొత్త ఆర్‌డీ తెరవడానికి వీలులేదు, ప్రవాసులకు ఆ అర్హత లేదు. ఆర్‌డీ కావాలంటే ఆ రెండు ఖాతాలలో ఒకదానికి అనుబంధంగా బ్యాంకులోనే తెరవాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి ఉంది. ఖాతా మార్పించేటప్పుడే నామినీ పేరు కూడా చూసుకోమనండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలుగా పెట్టే వీలు వచ్చింది.